పొడుగు పిల్లలు, ఎక్కని బరువు: తక్కువ తిన్న రోజుల లెక్క

(వాలీబాల్, బాస్కెట్‌బాల్, అథ్లెటిక్స్ హాస్టల్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, కోచ్‌ల ఎదుట చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న పొడుగువాళ్లు ముందుకొచ్చి కాళ్లు చాపుకోండి. ఇవాళ్టి సంగతంతా మీదే.

ఆరడుగుల మూడంగుళాలు, డెబ్బై కిలోలు. ఈ హాల్లో ఈ కొలతకు అటూ ఇటూగా ఉన్నవాళ్లు కనీసం పది మంది ఉంటారు. అందరూ చెప్పే మాట ఒకటే: "ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు సార్." ఈ మాటలో అబద్ధం లేదు, కానీ సగమే ఉంది. మీరు "ఎంత తిన్నా" అంటున్నప్పుడు మీ మనసులో ఉన్నది ఆదివారం బిర్యానీ. శుక్రవారం బస్సులో గడిచిన రోజు, మంగళవారం టిఫిన్ మానేసి పరీక్షకు పరుగెత్తిన రోజు మీకు గుర్తు రావు. శరీరం మాత్రం ఏడు రోజులూ కలిపి లెక్క వేసుకుంటుంది.

అంకెల్లో చూద్దాం. నెల రోజులుగా మీ బరువు 70 దగ్గరే ఆగిందనుకోండి. అంటే మీరు సగటున తింటున్నదీ, ఖర్చు పెడుతున్నదీ సమానం. ఏ ఫార్ములా ఏం చెప్పినా, ఏ యాప్ ఏం చూపించినా, కాటా చెప్పిందే నిజం. ఇప్పుడు వారం రాసుకోండి. ఐదు రోజులు శుభ్రంగా 3,300 క్యాలరీలు తిన్నారు. రెండు రోజులు, ప్రయాణమో పరీక్షో బద్ధకమో, 2,100 తో సరిపెట్టారు. వారం మొత్తం 20,700. ఏడుతో భాగిస్తే రోజుకు 2,950 చిల్లర. అదే మీ ఖర్చు, అందుకే బరువు కదల్లేదు. ఇక్కడ చాలామంది చేసే పని, బాగా తిన్న రోజునే ఇంకా కుక్కడం. ఆదివారం ఐదో వడ్డన వేయించుకోవడం. అక్కర్లేదు. ఆ రెండు తక్కువ రోజులను కూడా 3,300 కి తెండి చాలు. సగటు 340 క్యాలరీలు పెరుగుతుంది. వారానికి 200 నుంచి 300 గ్రాముల బరువు ఎక్కడానికి కావలసింది సరిగ్గా అంతే. మిగతా ఐదు రోజుల కంచంలో ఒక్క మెతుకు మార్చలేదు చూడండి.

అందుకే ఎవరైనా నన్ను డైట్ చార్ట్ అడిగితే ముందు నోటుబుక్కు కొనమంటాను. రెండు వారాలు తిన్నదంతా రాయండి, తినని పూట కూడా రాయండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు కాటా ఎక్కండి. రోజూ వారీ అంకె చూసి కంగారు పడకండి, నీళ్లూ ఉప్పూ వల్ల కిలో అటూ ఇటూ ఊగుతుంది. వారం సగటు తీసి, దాన్ని పోయిన వారం సగటుతో పోల్చండి.

ఇంకో చిక్కు ఉంది. కొందరి శరీరం ఎక్కువ తిండి పడగానే తెలియకుండానే ఎక్కువ కదులుతుంది. కాలు ఊపడం, లేచి తిరగడం, నిలబడి మాట్లాడటం. 1999 లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ 1,000 క్యాలరీలు అదనంగా పెట్టి చూశారు. ఒకరికి అరకిలో కొవ్వు కూడా చేరలేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడా ఎక్కువగా ఈ చిల్లర కదలికల్లోనే వచ్చింది. ఒక మనిషిలో ఆ ఖర్చు రోజుకు దాదాపు 700 క్యాలరీలు పెరిగింది. కాబట్టి పక్క మంచం వాడికి 300 తో ఎక్కిన బరువు మీకు 600 కి గానీ ఎక్కకపోవచ్చు. రెండు వారాలు లెక్క తప్పకుండా తిని, వారానికి 150 గ్రాములు కూడా పెరగలేదంటే రోజుకు ఇంకో 200 కలపండి. అంటే 35 గ్రాముల పల్లీలు, గుప్పెడు. అంతకు మించి ఒక్కసారి దూకొద్దు.

తిండి దగ్గరికి వద్దాం. మీ ఇబ్బంది ఆకలి లేకపోవడం కంటే వేళ లేకపోవడం. పొద్దున ఐదున్నరకి గ్రౌండు, ఎనిమిదిన్నరకి టిఫిన్, తొమ్మిదికి క్లాసు. నాలుగు ఇడ్లీ, చట్నీ. అది 300 క్యాలరీలు దాటదు, ప్రోటీన్ పది గ్రాముల లోపు. మధ్యాహ్నం అన్నం పెద్ద కుప్పే, కానీ పప్పు నీళ్ల పప్పు. సాయంత్రం ప్రాక్టీసు ముందు టీ, రెండు బిస్కెట్లు. రాత్రి అలసటతో సగం తిని పడక. ఇందులో కంచం పెద్దది చేస్తే పని జరగదు, కడుపు అంతకంటే పట్టదు. పూటలు పెంచాలి. మూడు భోజనాలు, మూడు చిన్న తిళ్లు. నమలలేని వాటిని తాగాలి.

తాగేది ఒకటి చెప్తాను, రాసుకోండి. వెన్న తీయని చిక్కటి పాలు 400 మిల్లీలీటర్లు, రెండు అరటిపళ్లు, వేయించి పొట్టు తీసిన పల్లీలు 30 గ్రాములు, అటుకులు 40 గ్రాములు, చిన్న బెల్లం ముక్క. మిక్సీలో వేస్తే దాదాపు 900 క్యాలరీలు, 25 గ్రాముల ప్రోటీన్. అటుకులు ఐదు నిమిషాలు పాలలో నాననివ్వండి, లేకపోతే గొంతులో ఇసకలా తగులుతాయి. దీన్ని భోజనానికి గంట ముందు తాగారా, భోజనం పోయింది. ప్రాక్టీసు అయ్యాక సగం, పడుకోబోయే ముందు సగం. హాస్టల్లో మిక్సీ లేదంటారా? పుట్నాలు, బెల్లం ముక్క, గ్లాసు పాలు. అమ్మలు ఇంటి నుంచి పంపేటప్పుడు చెగోడీలు, కారప్పూస బదులు సున్నుండలు, నువ్వులుండలు, పల్లీ పట్టీలు పంపండి. డబ్బాలో రెండు మూడు వారాలు ఆగుతాయి, బస్సులో కూడా తినొచ్చు. తక్కువ రోజులను కాపాడేవి ఇవే.

ప్రోటీన్ గురించి భయపెట్టేవాళ్లు ఎక్కువ. కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాములు చాలు, 2.2 దాటితే అదనపు లాభం లేదు. 70 కిలోల వాడికి 112. హాస్టల్ తిండితో వస్తుందా? వస్తుంది. రోజు మొత్తానికి బియ్యం 400 గ్రాములైతే 29. కందిపప్పు పచ్చిది 80 గ్రాములకు 17. అర లీటరు పాలకు 16, కప్పు పెరుగుకు 7. నాలుగు గుడ్లకు 25. పల్లీలు 50 గ్రాములకు 12. ఇంతవరకే 106. పైన పొడి మీల్‌మేకర్ 20 గ్రాములు ఏ కూరలో వేసినా ఇంకో పది. గుడ్డు తినని వాళ్లు మీల్‌మేకర్‌ని 70 గ్రాములకు పెంచుకోవచ్చు. పొడిగా ఉన్నప్పుడు దాంట్లో సగం ప్రోటీనే. మెస్ వాళ్లతో మాట్లాడాల్సింది ఒక్కటే: రోజుకు ఒక పూట ముద్దపప్పు. ఆ 80 గ్రాముల పప్పు నీళ్లలో తేలుతుంటే నాలుగైదు గరిటెలు పోసుకున్నా రాదు. ఇదంతా ఒకే పూట మీద వేయకుండా, పూటకు పాతిక గ్రాములు పడేలా సర్దుకోండి. అందరికంటే బీదగా ఉండేది పొద్దుటి టిఫిన్. ఇడ్లీ పక్కన రెండు గుడ్లు పెట్టండి, లేదా వారంలో రెండు రోజులు పెసరట్టు వేయించండి.

అన్నం తగ్గించి ప్రోటీన్ పెంచాలనే వాళ్లూ ఉన్నారు. బరువు ఎక్కాలనుకునే ఆటగాడికి అది తిరకాసు పని. రోజుకు రెండు పూటలు గ్రౌండులో ఉండేవాడికి కిలోకు ఐదు నుంచి ఏడు గ్రాముల పిండిపదార్థం కావాలి. అది లేకపోతే తిన్న ప్రోటీన్‌ని కూడా శరీరం పొయ్యిలో వేసుకుంటుంది.

ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం, విరేచనాలు వస్తాయి. "నాకు పడదు" అని మానేస్తారు. మూడు రోజులకొకసారి ఒక్క పదార్థమే కలపండి. పాలు పడకపోతే పెరుగు. మే నెల క్యాంపుల్లో విజయవాడ ఎండకి ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు ప్రాక్టీసు ముందూ తర్వాతా కాటా ఎక్కండి. కిలో తగ్గిందంటే పోయింది కండ కాదు, చెమట. లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా ఉప్పు మజ్జిగో నీళ్లో రెండు మూడు గంటల్లో నెమ్మదిగా తాగండి. ఆ తర్వాత ఆకలి దానంతటదే లేస్తుంది.

ఇప్పుడు కోచ్‌లకు కొంచెం చేదు మాట. వాలీబాల్ పిల్లాడికి రోజూ పొద్దున ఐదు కిలోమీటర్ల పరుగు ఎందుకు? ఆటలో వాడు పరుగెత్తేది ఐదారు అడుగులు, ఎగిరేది వంద సార్లు. ఆ పరుగుకు కిలోమీటరుకు దాదాపు 70 క్యాలరీల చొప్పున 350 పోతాయి, సరిగ్గా వాడు బరువెక్కడానికి మిగలాల్సినన్ని. ఆలస్యంగా వచ్చినందుకు శిక్షగా వేసే రౌండ్లు కూడా ఈ ఖాతాలోకే వస్తాయి. సీజన్ లేని నెలల్లో దాన్ని వారానికి రెండు రోజుల చిన్న స్ప్రింట్లకు మార్చండి. పరుగు తప్పనిసరైతే బరువులు ఎత్తే వేళకు ఆరు గంటల దూరంలో పెట్టండి.

బరువుల గదిలోకి వెళ్లేముందు ఒక పరీక్ష. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించండి. చిటికెనవేలి వైపు నుంచి బొటనవేలి గోరు మొత్తం బయటికి వస్తోందా? రెండో చేత్తో మణికట్టు చుట్టూ పట్టుకోండి. బొటనవేలు చిటికెనవేలి గోరును పూర్తిగా కప్పుతోందా? రెండూ అయితే, పైగా చేతులు చాపిన కొలత ఎత్తుకన్నా బాగా ఎక్కువై, రొమ్ము ఎముక లోపలికి గుంటగానో బయటికి పొడుచుకొచ్చో ఉంటే, బరువులు ఎత్తేముందు గుండె డాక్టరు దగ్గర ఎకో, అంటే గుండె స్కాన్, తీయించండి. మార్ఫాన్ సిండ్రోమ్ అని ఒకటుంది. పొడుగు, సన్నదనం, కళ్ల సమస్య, వాటితో పాటు గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని గోడ బలహీనం. ఊపిరి బిగబట్టి బరువెత్తితే రక్తపోటు ఒక్కసారిగా లేస్తుంది. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో అమెరికాకు వెండి పతకం తెచ్చిన వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్, ఆరడుగుల ఐదంగుళాలు, 1986 జనవరిలో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో కుప్పకూలి చనిపోయింది. ఆ జబ్బు ఉందని అప్పటిదాకా తెలియదు. అరుదైనదే. కానీ పొడుగువాళ్లను ఏరి కూర్చోబెట్టిన గదిలో అది చెప్పకుండా వెళ్లకూడదు. ఇంకా, తింటున్నా బరువు తగ్గుతూ పోతుంటే, అతిగా దాహం, గుండెదడ, రెండు వారాలు దాటిన దగ్గు, రాత్రి చెమటలు ఉంటే షుగర్, థైరాయిడ్, టీబీ పరీక్షలు ముందు. తిండి లెక్క తర్వాత.

బరువులు. పొడుగువాడికి రెండు ఇబ్బందులు. ఒకటి చూపుది. ఒక బస్తా సిమెంటు పొట్టి స్తంభానికి లావుగా పడుతుంది, పొడుగు స్తంభానికి పూతలాగే ఉంటుంది. మూడు కిలోల కండ పెరిగినా మీ చొక్కాకి తెలియదు. అద్దం చూసి నిరాశపడొద్దు. రెండోది నిజమైన ఇబ్బంది: చేతులూ కాళ్లూ పొడుగు కాబట్టి ఎత్తిన ప్రతిసారీ రాడ్ ఎక్కువ దూరం తిరుగుతుంది. అదే 60 కిలోలు పక్కవాడికంటే మీకు ఎక్కువ పని.

స్క్వాట్‌లో, అంటే బరువుతో కూర్చుని లేచేటప్పుడు, తొడ ఎముక పొడుగైతే నడుము ముందుకు వాలుతుంది. తొడల కంటే ముందు నడుము అలసిపోతుంది. మడమల కింద రెండున్నర కిలోల ప్లేట్లు పెట్టి, డంబెల్ ఛాతీకి ఆనించుకుని కూర్చుని లేవండి. వెనక కాలు బెంచీ మీద పెట్టి ఒంటికాలి స్క్వాట్ చేయండి. రాడ్ భుజాల మీద పెట్టే స్క్వాట్ రాకపోయినా నష్టం లేదు, ఆటలో ఎవరూ దానికి మార్కులు వేయరు. డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది రాడ్‌ని వంగి పైకెత్తేటప్పుడు, పోటీ ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి రాడ్ నేల నుంచి 22 సెంటీమీటర్ల పైన ఆగుతుంది. హాస్టల్ జిమ్ముల్లో ఉండేవి చిన్న ఇనప ప్లేట్లు. రాడ్ ఇంకా కిందికి పోతుంది, పొడుగువాడు దాన్ని అందుకోవడానికే వీపు విల్లులా వంచుతాడు. నడుము పట్టేసేది అక్కడే. రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టి రాడ్‌ని మోకాలి కిందికి వచ్చేలా లేపండి. బెంచ్ ప్రెస్‌లో, అంటే బెంచీ మీద పడుకుని బరువు పైకి తోసేటప్పుడు, మోచేతులు బాగా కిందికి దిగి భుజం ముందు భాగం లాగితే డంబెల్స్ తీసుకోండి, లేదా నేల మీద పడుకుని చేయండి.

వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతా. కాళ్లకు ఒకటి, తొడల వెనక భాగానికి ఒకటి, తోసేది ఒకటి, లాగేది ఒకటి, చివర్లో భుజాల వెనక కండరాలకు తేలికది ఒకటి. ఒక్కోటి మూడు సెట్లు, అంటే మూడు విడతలు, సెట్‌కు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. ఇంకో రెండు చేయగలననిపించేటప్పుడు ఆపండి. సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు కూర్చోండి. ఫోన్ చూసుకుంటున్నాడని కోచ్ తిట్టొద్దు, ఆ విరామం పనిలో భాగమే. మూడు సెట్లలోనూ పన్నెండు వచ్చిన రోజు, తర్వాతిసారి రెండున్నర కిలోలు కలిపి మళ్లీ ఎనిమిది నుంచి మొదలు. ఆ అంకెలు కూడా నోటుబుక్కులోకే. అంకెలు పెరగకుండా తిండి ఒక్కటే పెరిగితే చేరేది నడుము చుట్టూ. నెలకొకసారి బొడ్డు దగ్గర టేపు పెట్టండి. రెండు కిలోలు పెరిగి నడుము మూడు సెంటీమీటర్లు లావైతే తిండి కాస్త వెనక్కి. నిద్ర ఎనిమిది గంటలు, దీని మీద ఉపన్యాసం చెప్పను.

డబ్బాల సంగతి. వెయిట్ గెయినర్లు, అంటే బరువు పెంచే పొడుల డబ్బాల వెనక లేబుల్ తిప్పి చదవండి. చాలావాటిలో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి చక్కెర. దానికి వేలు పోయడం కంటే ఆ అటుకులూ అరటిపళ్లే నయం. పనిచేస్తుందని గట్టిగా తేలినది క్రియాటిన్ మోనోహైడ్రేట్ అనే పొడి, రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు. మొదటి వారాల్లో పెరిగే కిలో కండలో నిలిచిన నీరే, అదేమీ చెడ్డది కాదు. పద్దెనిమిది నిండని వాళ్లకు తిండే ముందు. ఏ డబ్బా కొన్నా కంపెనీతో సంబంధం లేని ల్యాబ్ పరీక్షించిన బ్యాచ్ అయితేనే. నాడా, అంటే డోపింగ్ పరీక్షలు చేసే జాతీయ సంస్థ, తీసిన శాంపిల్‌లో నిషిద్ధ పదార్థం దొరికితే డబ్బా తయారుచేసినవాడు రాడు, బాధ్యత ఆటగాడిదే.

అసలు ప్రమాదం మందుల షాపులో చవగ్గా దొరికేది. "లావయ్యే మాత్రలు" అని ఇచ్చేవాటిలో రెండు ఉంటాయి. సైప్రోహెప్టడిన్, అది అలర్జీ మందు. ఆకలి పుట్టిస్తుంది, మత్తూ తెస్తుంది. రెండోది డెక్సామెథాసోన్, స్టెరాయిడ్. మొహం గుండ్రంగా నిగనిగలాడుతుంది, కాటా రెండు వారాల్లో లేస్తుంది. అది నీరూ కొవ్వూ; లోపల కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది. పైగా మింగినా, ఇంజెక్షన్ చేయించుకున్నా పోటీ సమయంలో నిషిద్ధం. ఇప్పటికే వారాలుగా వాడుతున్నవాళ్లు ఉంటే ఇవాళే ఆపేయకండి. ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ఒక తల్లి): మా వాడికి పదిహేనేళ్లు. ఏడాదిలో బాగా పొడుగెదిగాడు, బరువు ఎక్కలేదు.

అమ్మా, ఆ వయసులో ఎత్తు ముందు వెళ్తుంది, బరువు వెనక వస్తుంది, మగపిల్లల్లో కండ ఇంకా వెనక. తిండి తగ్గనివ్వకండి, బరువులు నేర్చుకోనివ్వండి, తొందర మాత్రం వద్దు. ఎవరైనా కండ పెంచే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే ఒప్పుకోకండి, ఎముకల చివర్లు ముందే మూసుకుపోయి ఎత్తు కూడా ఆగిపోవచ్చు.

ప్రశ్న (కోచ్): బరువు పెరిగితే జంప్ తగ్గదా?

తొందరగా పెరిగితే తగ్గుతుంది, మోకాలి చిప్ప కింద నరంలా ఉండే టెండన్ కూడా నొప్పి మొదలుపెడుతుంది. నెలకొకసారి గోడ మీద సుద్దతో జంప్ కొలవండి. బరువు పెరిగి జంప్ అక్కడే ఉందంటే లాభమే, బ్లాక్‌లో తోపు పెరిగింది. రెండు నెలలు వరసగా తగ్గితే పెంచడం ఆపండి. హైజంప్ వాళ్లకు మాత్రం నేను అంత సులువుగా బరువు పెంచమనను.

ప్రశ్న (విద్యార్థిని): మాకూ ఇదే లెక్కా సార్?

లెక్క ఇదే, అంకెలు మీ బరువుకు తగ్గట్టు. ఒకటి గుర్తుపెట్టుకోమ్మా: మూడు నెలలు నెలసరి రాకపోతే "ప్రాక్టీసు ఎక్కువైంది, మామూలే" అనే మాట వినొద్దు. తిండి చాలక శరీరం పనులు ఆపేస్తోందని దాని అర్థం కావచ్చు. తర్వాత వచ్చేది ఎముకలో సన్నటి పగులు. లేడీ డాక్టరుకు చూపించి, బరువుల కంటే ముందు తిండి పెంచండి.

ప్రశ్న: అయ్యప్ప మాల వేస్తే నలభై ఒక్క రోజులు గుడ్డు లేదు, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం. పెరిగినదంతా పోతుందా?

పోనవసరం లేదు. ఆ మండలం బరువు పెంచే ఆశ పెట్టుకోకండి, నిలబెట్టుకుంటే చాలు. భిక్షలో ముద్దపప్పు, నెయ్యి, పెరుగు గట్టిగా. అల్పాహారానికి ఉప్మా బదులు పెసరట్టో, పనీర్ వేసిన చపాతీయో. పాలు, పళ్లు, పల్లీలు మీ గురుస్వామి ఒప్పుకున్న వేళల్లో. జిమ్ములో తగ్గించాల్సింది సెట్లు, బరువు కాదు. మూడు సెట్లు చేసేచోట ఒకటి, రాడ్ మీద అదే బరువు, వారానికి రెండు రోజులు. ఆరు వారాలు కండ నిలవడానికి అది సరిపోతుంది. మాల తీశాక వారానికి ఒక సెట్టు చొప్పున కలుపుకుంటూ పాత లెక్కకు రండి. గుడ్లు మాత్రం మర్నాటి నుంచే.